చివరి నుంచి రెండో హర్డిల్

వాన వెలిసింది గాని
టోపీల అంచుల నుంచి ఇంకా కొంత కురుస్తూనే ఉంది.
క్విర్క్ పబ్బులో పొయ్యి చుట్టూ
తడి కోట్లు ఆవిరవుతున్నాయి,
కోట్ల లోపల మనుషులు కూడా.

సాల్ట్ బెల్ ఓడిపోయింది.
వందకి ఎనభై లాభం వచ్చినా చాలని
లిస్‌కారా ఊరంతా వరస కట్టిన గుర్రం.
పడి ఓడితే బాగుండేది, జాలిపడి ఊరుకునేవాళ్లు.
నాలుగో స్థానంలో,
మేత మేసి ఇంటికొస్తున్న ఆవులా
నింపాదిగా వచ్చింది.
ఆ నింపాదే ఎవరికీ మింగుడు పడటం లేదు.

"నేల," అన్నాడు మాలకీ టూహీ.
"మూడు రోజుల ముసురు. గిట్టలు కాదు,
బంకలోంచి గరిటెలు లాగినట్టుంది."
"గెలిచిన గుర్రమేమన్నా గాల్లో పరిగెత్తిందా?"
చేపల బండి అట్రాక్టా అడిగింది.
ఆమె పెట్టింది ఐదు యూరోలే,
గొంతు మాత్రం ఐదు వేలది.

జాకీ కుర్రాడిదే తప్పన్నారు కొందరు.
తెల్లారకముందే కూసిన కోడి వాడు,
కొండ మలుపు దగ్గరే పగ్గం వదిలేశాడు.
రిటైరైన లెక్కల మాస్టారు ఫింటన్
నోటుబుక్కు తీసి, కళ్లజోడు తుడిచి,
ఆ కళ్లజోడు పెట్టుకోకుండానే చదివాడు:
మోసిన బరువు, నెలలో పరిగెత్తిన పందేలు,
దాని తల్లి ఇదే మైదానంలో
ఇలాగే ఒకసారి...
"తల్లి ఊసెందుకు?" కసిరింది అట్రాక్టా.

"దానికి గుండె లేదు,"
మూలనుంచి ఎవరో అన్నారు.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని
డెర్వ్లా వచ్చింది, మోకాళ్ల దాకా బురదతో.
గుర్రాన్ని కడిగేది, దువ్వేది, రాత్రుళ్లు దాని పక్క కొట్లో పడుకునేది.
మనుషులు తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు.
ఆ పిల్ల రెండు చిప్స్ పొట్లాలు కొని
చిల్లర లెక్కపెట్టుకుంటూ,
ఎవరూ అడగకుండానే చెప్పింది:
"ఓట్లన్నీ తినేసింది. బకెట్టు కూడా నాకింది."
వెళ్లిపోయింది.

కాసేపు పొయ్యి ఒక్కటే మాట్లాడింది.
తర్వాత ఫింటన్ పెన్సిల్ తడుపుకున్నాడు:
"తిన్నదంటే ఒంట్లో నలత లేదన్నమాట.
మరి ఎందుకు ఓడినట్టు?"
మళ్లీ మొదలు.

నాది హర్డిళ్లు నిలబెట్టే పని.
కొయ్య సుత్తి, పసుపు చొక్కా, రోజు కూలి.
మొదటి చుట్టులో ఏదో గుర్రం తన్నితే
చివరి నుంచి రెండోదాని ఒక పలక పక్కకి ఒరిగింది.
పరిగెత్తాను. మూడు దెబ్బలు వేశాను.
నాలుగోది వెయ్యబోతుంటే
నేల మోగటం అరికాళ్లకి తెలిసింది,
తప్పుకున్నాను.

మిగతావాటికంటే ఆ పలక
ఒక బెత్తెడు ఎక్కువ వాలి ఉంది.
బెత్తెడే.
అది ముందుగా వస్తోంది, చెవులు నిక్కించి.
ఆ పలకని చూసింది.
అడుగు వెయ్యబోయి, ఆపి, చిన్నడుగు వేసింది,
చీకట్లో మెట్టు ఉందనుకుని
లేని చోట కాలు పెట్టినవాళ్లలా.
దూకింది. బాగానే దూకింది.
కానీ అవతల దిగింది
ఇవతల ఎగిరిన గుర్రం కాదు.

బెత్తెడు వాలుకే ఓడిందా?
నాకు తెలియదు.
నేల కావచ్చు, కుర్రాడు కావచ్చు,
ఫింటన్ మాస్టారి లెక్క కావచ్చు.
నా చొక్కా జేబులో తడిసి ముద్దయిన
పది యూరోల చీటీ ఉంది,
దాని పేరు మీదే.

"నువ్వక్కడే ఉన్నావు కదయ్యా, జార్లత్!"
మాలకీ నా వైపు తిరిగాడు.
ముప్పై కళ్లు తిరిగాయి.
"నోరు విప్పవేం? ఏం చూశావు?"

అరచేతిలో సుత్తి పిడి చేసిన బొబ్బ
గ్లాసు చల్లదనానికి హాయిగా ఉంది.

"వాన," అన్నాను.

"చూశారా!" బల్ల మీద గుద్దాడు మాలకీ,
"మొదట్నించీ నేననేది అదే కదా, నేల!"
నాకో గ్లాసు చెప్పాడు
తన ఖాతాలో.